ఇద్దరి వంతు ఏడుపు

చికుండె ఊరు,
తొలి వాన పడిన మర్నాడు.

తమ్ముడు వైసన్‌కు నీ అక్క ఫైనెస్ దీవెనలు. ఇక్కడ ఇంట్లో ఉన్నవాళ్ళం క్షేమంగానే ఉన్నాం. అంత దూరాన జొహానెస్‌బర్గ్‌లో ఎవరి గేటుకో కాపలా కాస్తున్న నువ్వు కూడా ఒంట్లో బాగుండి, వేళకింత తింటున్నావని తలుస్తాను.

బస్సు డ్రైవరు నీ మూట పదిలంగా తెచ్చి ఇచ్చాడు. నీ మేనకోడలు ఎలూబీకి బూట్లు కాస్త పెద్దవయ్యాయి. అయినా ముందు గుడ్డలు కుక్కుకుని వేసుకుని తిరుగుతోంది, విప్పమంటే నీ మీద ఒట్టు పెడుతోంది. నా తలగుడ్డ బాగుంది. అమ్మకని పంపిన ఎర్ర దుప్పటి ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది. దాని మీద పలక పెట్టుకుని, పలక మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

నిన్న సాయంత్రం వాన పడింది. చినుకులు కాదు, నిజం వాన. బొటనవేలు దింపి చూశాను, వేలు మునిగినంత లోతునా తడి ఉంది. అంటే ఇవాళ నేను పొలంలో ఉండాలి. తొలి తడిలో గింజ పడకపోతే మన ఇంట్లో వచ్చే ఏడు తిండి ఉండదని నీకు చెప్పక్కర్లేదు. అయినా విత్తనాల బుట్ట గడప దగ్గర పెట్టి, నేనిలా కూర్చుని నీకు ఉత్తరం రాస్తున్నాను. ఎందుకో చివరికొచ్చేసరికి తెలుస్తుంది. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెప్పనీ.

ఇంటికప్పు నేనే కప్పాను. గడ్డి దొరకడం కష్టమైంది, వంటింటి వైపు పలచగా పడింది. నిన్నటి వానకి కుండలు పెట్టుకోవలసి వచ్చింది. మేక ఈనింది, పిల్ల బతకలేదు. నీ బావ సంగతి అడిగావు. పోయిన ఏడు ఊరు నా మీద పడగానే ఆయన తన చాప చుట్టుకుని వాళ్ళమ్మ ఊరికి వెళ్ళిపోయాడు. పెళ్ళాం ఊళ్ళో కాపురం చేసే మగవాడికి అదొక సుఖం, చాప ఒకటి చుట్టుకుంటే సంసారం మొత్తం సర్దేసినట్టే. నేను ఏడవలేదు. తిండి తినే నోరు ఒకటి తగ్గిందనుకున్నాను. అంతమాట అనుకున్నందుకు తర్వాత సిగ్గేసింది.

మొక్కజొన్న విత్తనం మిగిలిందా అని అడిగావు. మిగిలింది. పొయ్యి పైన దూలానికి కంకులు వేలాడదీశాను, పొగకి పురుగు పట్టలేదు. కొట్లో కొనే విత్తనంలా ఏడాదికే నీరసపడిపోయేది కాదు ఇది, మళ్ళీ మళ్ళీ వేసుకోవచ్చు.

ఇక ఆ డ్రైవరు నీతో ఏదో వాగాడట, మీ అక్క మీద ఊరంతా కత్తి కట్టిందని. అతనిది బలాకా పట్నం, మన ఊరి సంగతులు అతనికి అరకొరగా తెలుసు. నిజం ఏమిటో రాయమని నువ్వు రెండుసార్లు గీత గీసి మరీ అడిగావు. రాస్తాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో కూడా అందులోనే ఉంది.

వ్యవసాయ సలహాదారు మటెంబా గుర్తున్నాడు కదా. ఆయన సైకిలు గంట ఊరి మొదట్లో మోగితే చాలు, జనం తప్పిపోయిన మేకల్ని వెతుక్కునే వంకతో మాయమయ్యేవాళ్ళు. నువ్వు వెళ్ళాక ఆయన కొత్త పద్ధతి చెప్పాడు. బోదెలు వాలుకు అడ్డంగా తోలాలి. బోదెకీ బోదెకీ మధ్య కాలువలో అక్కడక్కడ మట్టితో అడ్డకట్టలు వెయ్యాలి. అప్పుడు పడ్డ నీరు పడ్డచోటే గళ్ళల్లో నిలిచి ఇంకుతుంది, వాగులోకి పారిపోదు. గుంటకి మూడు గింజలు కాదు, జానెడు దూరానికి ఒక్కటే గింజ. కోత అయ్యాక దంట్లు కాల్చకూడదు, నేల మీదే పరిచి ఉంచాలి. విత్తనమేమో పొట్టిది, తొందరగా కాపుకొచ్చేది. వానలు ముందే వెళ్ళిపోతే మన తాతల నాటి మొక్క ఇంకా ఆకాశం వైపు ఎదుగుతూనే ఉంటుంది, ఇది ఆపాటికి కంకి వేసేస్తుంది. కానీ ఒక్క షరతు, తొలి వానకే విత్తాలి.

ఊళ్ళో ఆ మాట పట్టుకున్నది మేమిద్దరమే, అమ్మా నేనూ. ఎంత నవ్వారనుకున్నావు. గుంటకి ఒక్క గింజేనా, పాపం ఒంటరిగా భయపడదూ అని బోరింగు దగ్గర ఆడవాళ్ళు సాగదీసేవాళ్ళు. దంట్లు కాల్చనివ్వనందుకు కుర్రకారుకి మా మీద కోపం. దంట్లకి నిప్పు పెడితేగా ఎలుకలు బయటికొచ్చేది, పట్టుకుని కాల్చుకు తినేది. చికుండెలో ఎలుకల వేట లేకుండా చేసిన మొదటి ఆడది మీ అమ్మమ్మే అని ఎలూబీని ఏడిపించేవారు. అమ్మ ఒక కర్ర పట్టుకుని పొలం గట్టున కూర్చునేది. కాళ్ళ వాపుతో లేవలేకపోయినా కర్ర మాత్రం బాగానే లేచేది.

పోయిన ఏడు ఇప్పటి నెలలోనే, ఊరి పెద్ద నమలేసా పెద్దమ్మ పోయింది. ఆ సంగతి నీకు రాశాను. రాయనిది తర్వాత జరిగింది. మామూలు మనిషి పోతే శవం మట్టిలో పడేదాకా ఎవరూ పార పట్టరు, అంతే. ఊరి పెద్ద పోతే ఆ స్థానంలో ఇంకొకరు కూర్చునేదాకా ఊళ్ళో ఒక్క పార కూడా నేలని తాకకూడదు. ఎవరు కూర్చోవాలన్న దాని మీద మన మేనమామలు పట్టుదలకి పోయారు. సగం మంది మెనార్డ్ అన్న కూర్చోవాలన్నారు, సగం మంది వాడు తాగుబోతన్నారు. పెద్దమ్మను పూడ్చడమైతే పూడ్చాం గానీ తగవు తేలలేదు. వారం దాటింది. ఆ మధ్యలో వాన పడింది.

ఎలాంటి వాన అనుకున్నావు. నిన్నటిలాంటిదే. చావింటి ముందు చాపల మీద ఊరంతా కూర్చుని ఉన్నాం. అందరి కళ్ళల్లో నీళ్ళు, అందరి ముక్కులకీ మట్టి వాసన. ఎవరూ ఎవరి ముఖం చూడటం లేదు. మర్నాడు ఎండ కాసింది. ఆ మర్నాడూ కాసింది. తడి ఆరిపోతోందని అందరికీ తెలుసు, నోరు విప్పిన వాడు లేడు. మన వైపు ఆకలీ వానా చావూ ఒకే నెలల్లో వస్తాయి. గాదె ఖాళీ అయిన నెలల్లోనేగా ముసలివాళ్ళు పోయేది, ఆ నెలల్లోనేగా విత్తవలసింది. ఇది మన పెద్దలకి తెలియక కాదు. అయినా చావుకి అందరూ పని మానుకుని కూర్చోవాలి. లేకపోతే చావు కూడా ఎవరికి వాళ్ళదే అయిపోతుందని వాళ్ళ భయం.

ఆ పొద్దున అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. విత్తనాల బుట్ట అప్పటికే కిందికి దించి ఉంది.

"నువ్వు పొలానికి పోవే. నీకు జొరమని చెప్తా. నీ వంతు కూడా నేనే ఏడుస్తాలే."

తెలిస్తే ఏమవుతుందో నీకు తెలీదా అన్నాను. పొలానికి పోవాలని నాకూ ఉంది, ఆ మాట ఆవిడ నోట రావాలని ఎదురు చూస్తున్నాను, అది కూడా నిజమే.

"తెలిస్తే మన చావుకి ఎవ్వరూ రారు. ముందు చావకుండా ఉండే పని చూడు," అంది.

వెళ్ళాను. చేల మీద ఒక్క మనిషి లేడు. పిట్టలు కూడా నన్నే చూస్తున్నట్టనిపించింది. అటు చావింటి నుంచి ఏడుపు గాలికి తేలి వస్తోంది, అందులో అమ్మ గొంతు నాకు తెలుస్తూనే ఉంది. జానెడు కొలిచి, గుంట తీసి, ఒక గింజ వేసి, మట్టి కప్పి, మళ్ళీ జానెడు. అంత గట్టిగా అమ్మ ఎవరి చావుకీ ఏడవడం నేను వినలేదు, నాన్నప్పుడు కూడా. మూడు పూటలకి పొలమంతా అయిపోయింది.

ఇంకే తప్పు చేసినా దాచుకోవచ్చు తమ్ముడూ. విత్తనం వేస్తే అది మొలిచి చెప్పేస్తుంది. మెనార్డ్ అన్న ఊరి పెద్దగా పీట మీద కూర్చుని, ఊరు పార పట్టుకుని చేలకి వచ్చేసరికి, మన పొలంలో వరసలు వరసలుగా పచ్చగా లేచి నిలబడి ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆగి చూసి, వాళ్ళ వాళ్ళ చేలకి పోయారు. మన ఊళ్ళో తిట్టు కంటే అది పెద్దది.

వాళ్ళు ఆరిన నేలలో విత్తారు. సగం మొలిచింది. తర్వాత రెండు మూడు జల్లులు పడ్డాయి, క్రిస్మస్ అయ్యాక ఆకాశం తలుపు మూసేసింది. వాళ్ళ మొక్కలు పూతకొచ్చే వేళకి ఆకులు చుట్టుకుపోయి, కింది నుంచి తెల్లబడి, నిలువునా ఎండిపోయాయి. అటూ ఇటూ అందరి చేలూ గోధుమరంగు, మధ్యలో మనదొక్కటి పచ్చగా. ముందుగా విత్తినందుకూ, గళ్ళలో నీరు ఆగినందుకూ, దంట్ల కింద నేల చల్లగా ఉన్నందుకూ అది బతికింది. అది నాకు తెలుసు, మటెంబాకి తెలుసు. మిగతా ఊరికి కనబడింది వేరు. చావు రోజుల్లో పార పట్టింది, వాన పోయింది, తన పొలం మాత్రం పచ్చగా ఉంది. ఇంకేం కావాలి. మా వాన కూడా తన మట్టికట్టల్లో బంధించేసుకుంది అన్నారు. వాళ్ళ పిల్లలు ఉడికించిన పచ్చి మామిడికాయలు తిని కడుపు పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ళకి ఇంకేం తోస్తుంది చెప్పు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్నేమో.

మెనార్డ్ అన్న పంచాయితీ పెట్టాడు. నీ బావ చాప చుట్టింది ఆ పొద్దునే. మెనార్డ్ అన్న తాగి లేడు ఆ రోజు, తాగి ఉంటే బాగుండేది. అడ్డకట్టలన్నీ తవ్వేసి వాన వదిలెయ్యాలని, అప్పటిదాకా మన ఇంటి చావుకీ బతుక్కీ ఊరు రాదని తీర్పు చెప్పాడు. మటెంబా అక్కడే ఉన్నాడు. లేచి నీరు ఎలా ఇంకుతుందో రెండు ముక్కలు మొదలుపెట్టాడు, ఎవరో నవ్వారు, కూర్చున్నాడు. నేను అమ్మ వైపు చూశాను. ఆ కట్టలు తెగితే, ఆఖరి జల్లు ఒకటి పడ్డా అది వాగు పాలవుతుంది, కంకిలో గింజ నిండదు. అమ్మ కర్ర ఊతగా లేచి, నా కూతురు కట్టలు తవ్వదు అని మాత్రం చెప్పి ఇంటికి నడిచింది. నేను వెనకే నడిచాను.

ఆ తర్వాత బోరింగు దగ్గర నేను వెళితే వరస ఖాళీ అయ్యేది. నీళ్ళు త్వరగా దొరికేవి, అదొక్కటే లాభం.

ఇప్పుడు ఎలా రాయాలో తెలియక ఇంతసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. బయట ఎలూబీ ఇంకా ఎంతసేపమ్మా అని అడుగుతోంది.

ఇంట్లో ఉన్నవాళ్ళం క్షేమం అని మొదట్లో రాశాను. ఎంత జాగ్రత్తగా రాశానో చూడు. వైసన్, అమ్మ లేదు. పోయిన ఫిబ్రవరిలోనే పోయింది. మన పొలంలో కంకులు పాలు పోసుకుంటున్న వారం అది, ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే పచ్చికంకి కాల్చి పెట్టేదాన్ని. తవుడు జావ తన వంతుది ఎలూబీ గిన్నెలో వంచేసేదని నాకు ఆలస్యంగా తెలిసింది. కాళ్ళ వాపు పైకి పాకింది. పోయే ముందు రోజు పొలం దాకా తీసుకెళ్ళమంటే వీపున మోసుకెళ్ళాను, అంత తేలికైపోయింది. ఒక కంకి నిమిరి చూసి, ఈ మొక్క మీ నాన్నలాగే ఉందే, పొట్టిగా ఉండి కూడా పిల్లల్ని కనేసింది అని నవ్వింది. అది ఆవిడ ఆఖరి హాస్యం. నీ పేరు కూడా తలిచింది. ఆ మాట నిజం, దీన్ని మాత్రం నేను కల్పించలేదు.

ఎందుకంటే మిగతావి కల్పించాను. అప్పటి నుంచి రాసిన ఉత్తరాలన్నిట్లో అమ్మ చెప్పిందని రాసిన ప్రతి మాటా నాదే. చలికి చెవులు కప్పుకోమందని రాశాను. గడ్డం గీసుకోమందని రాశాను. గీసుకున్నానని అమ్మతో చెప్పు అని నువ్వు తిరిగి రాసినప్పుడు వంటింట్లోకి పోయి పొగలో కూర్చున్నాను, ఎలూబీ అడిగితే పొగ అని చెప్పొచ్చు కదా. నీకు చెబితే వచ్చేస్తావు. కాగితాలు లేని వాడివి, ఇటొచ్చాక మళ్ళీ ఆ సరిహద్దు దాటలేవు. దాటలేకపోతే ఇక్కడ ఇంకో ఆకలి నోరు. అప్పుడు అలా లెక్క వేసుకున్నాను. ఇవాళ నీ దుప్పటి చూశాక ఆ లెక్క చెల్లదనిపించింది.

ఎలా పంపించామో కూడా చెప్పాలి. కబురు పెట్టాను, గుంట తవ్వేవాళ్ళు రాలేదు. కట్టలు తవ్వు, మేం గుంట తవ్వుతాం అని జవాబు వచ్చింది. ఆ ఎండలకి శవం ఎంతసేపు ఉంటుంది. మధ్యాహ్నానికి నా పట్టుదల అంతా అయిపోయింది. ఎలూబీని అమ్మ దగ్గర కూర్చోబెట్టి, పార భుజాన వేసుకుని కట్టలు తవ్వెయ్యడానికే పొలానికి బయల్దేరాను. మొదటి కట్ట మీద పార ఎత్తాను కూడా.

జైలోసి తాత గట్టు మీద నిలబడి ఉన్నాడు. తెలుసుగా, నమలేసా పెద్దమ్మ మొగుడు, ఎలూబీ పిలుపే నాకూ అలవాటైంది. ఎవరి చావు రోజుల్లో నేను విత్తానో ఆవిడ మొగుడు. పెళ్ళాం పోయాక నీ ఊరికి నువ్వు పో అని మనవాళ్ళు ఆయన్ని అప్పటికే పొమ్మంటున్నారు. అల్లుడిగా వచ్చినవాడు పెళ్ళాం లేకపోతే మన ఊళ్ళో ఎవరికీ ఏమీ కాడు కదా. ఆయన భుజాన కూడా పార ఉంది.

"కట్టలు తవ్వే ఓపికుంటే గుంటా తవ్వచ్చు. దా అమ్మా, ఇద్దరం తవ్వుదాం," అన్నాడు.

ఎత్తిన పార దించాను. మీ ఇంటి చావుని కించపరిచినదాన్ని కదా తాతా అన్నాను.

"మీ అమ్మ ఆ రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఇద్దరి వంతు ఏడుస్తోందని నాకప్పుడే తెలిసింది. నువ్వెక్కడున్నావో కూడా తెలిసింది." పార ఇంకో భుజానికి మార్చుకుని, "నా పెళ్ళాం పక్కన కూర్చుని నేనూ ఆ వాన వాసనే చూశానమ్మా," అన్నాడు.

సమాధుల తోపులో ఒక అంచున ఇద్దరం తవ్వాం. ఆడది గుంట తవ్వడం మన వైపు ఎవరైనా చూశారా. నేల రాయిలా ఉంది, ఆ ముసలాయన ప్రతి పదిసార్లకీ ఆగి ఊపిరి తీసుకునేవాడు. మోసేవాళ్ళు లేరు. మటెంబాని అడిగితే తన సైకిలు ఇచ్చాడు, తను మాత్రం రాలేదు. ఉద్యోగం ఈ ఊళ్ళోనే చెయ్యాలి కదమ్మా అన్నాడు. అమ్మను చాపలో చుట్టి సైకిలు వెనక కట్టాం. తాత హ్యాండిలు పట్టుకున్నాడు, నేనూ ఎలూబీ రెండు పక్కలా పట్టుకున్నాం. దుప్పటి లేదు, ఉన్నదొక్కటి అప్పటికే తవుడు కోసం అమ్మేశాం. దారి పొడుగునా తలుపులు వేసి ఉన్నాయి. పాటలు లేవు. ఎలూబీ ఒక్కతే చర్చిలో నేర్చుకున్నదేదో మొదలుపెట్టి సగంలో మర్చిపోయింది. మటెంబా సాయంత్రం వచ్చి సైకిలు తీసుకెళ్ళి వాగు దగ్గర కడుక్కోవడం నేను చూశాను. ఆయన్ని తిట్టుకోవాలనుకున్నాను గానీ తిట్టుకోలేదు. ఆ సైకిలు కూడా లేకపోతే ఏం చేసేదాన్ని.

పంట వచ్చింది. ఆ పంటతోనే ఇప్పటిదాకా నేనూ ఎలూబీ బతికాం, జైలోసి తాత బతికాడు. కొందరి పిల్లలు పెరటి వైపు నుంచి వచ్చేవాళ్ళు, వాళ్ళ చేతుల్లో కంకులు పెట్టి పంపేదాన్ని. వాళ్ళ అమ్మలు మాత్రం రాలేదు. ఊళ్ళో చావులైతే నన్నెవరూ పిలవరు. అంటే ఇక ఎవరు చచ్చినా నా పార ఆగక్కర్లేదు, చికుండెలో అంత స్వేచ్ఛ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. ఆ స్వేచ్ఛని ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తానన్నా తీసుకోరు.

తాత వెళ్ళిపోలేదు. పెద్దమ్మ పెరటి నేల ముక్క ఒకటి, ఎవరూ పట్టించుకోని రాళ్ళ నేల, ఈ ఏడు దాన్ని బాగుచేశాడు. బోదెలు ఎలా తోలాలో, కట్టలు ఎంతెంత దూరాన వెయ్యాలో నేను చూపించాను. నా కట్టలు వంకరగా ఉన్నాయని నాకే వంకలు పెట్టేవాడు. వానకి ముందే అంతా సిద్ధం చేసుకున్నాడు, గింజలు నా దగ్గరే తీసుకుని అంగీ జేబులో పోసుకుని తిరిగేవాడు. ఆకలితో నమిలేస్తావేమో తాతా అంటే, నమలడానికి పళ్ళెక్కడున్నాయే అనేవాడు.

ఈ పొద్దున నేను బుట్ట తీసుకుని బయల్దేరి, తాతని కేకేద్దామని వాళ్ళ గుమ్మం దగ్గర ఆగాను. చాప మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిన్నటి వాన చప్పుడు విన్నాడో లేదో. జేబులో గింజలు అలాగే ఉన్నాయి.

మెనార్డ్ అన్నకి కబురు చెప్పాను. చర్చి దగ్గర గంటకి బదులు వేలాడదీసిన ఇనప చక్రం మోగించారు, ఆ మాత్రం మర్యాద చేశారు. కానీ గుంట ఎవరు తవ్వుతారంటే, మన వంశం వాడు కాదు, వాళ్ళ ఊరికి మనిషిని పంపుదాం, వాళ్ళొస్తే చూద్దాం అన్నాడు. వాళ్ళ ఊరు కొండల అవతల. ఊరంతా అప్పుడే చేలకి పోయింది. పరాయి అల్లుడి చావుకి ఎవరూ పార దించరట. నమలేసా పెద్దమ్మ ఉండి ఉంటే ఏమనేదో.

ఇంటికొచ్చి బుట్ట కింద పెట్టేసరికి ఎలూబీ నా ముఖం చూసి అర్థం చేసుకుంది. నువ్వు తాత దగ్గరికి వెళ్ళమ్మా, నేను విత్తుతాను, జానెడు కొలవడం నాకూ వచ్చు అంది. అమ్మ మాటే, పిల్ల నోట. ఒక్క క్షణం ఊ అనబోయాను. ఆ పిల్ల చేతుల్లో బుట్ట పెట్టేస్తే ఈ పూటకే సగం పొలం అయిపోతుంది, వచ్చే ఏడు తిండి ఉంటుంది. కానీ అమ్మ ఏం ఇచ్చి నాకా పొలం ఇచ్చిందో ఈ ఏడాదంతా చూశాను. దాన్ని నా కూతురి నెత్తిన పెట్టను. వద్దు, ఇద్దరం తాత గుంట తవ్వడానికి వెళ్దాం, నువ్వు పాట పాడు, ఈసారి మధ్యలో మర్చిపోకు అన్నాను. అది నువ్వు పంపిన బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అది ముఖం కడుక్కుని వచ్చేలోగా ముగిద్దామని మొదలుపెట్టిన ఉత్తరం ఇంత పొడుగైంది. బస్సు రేపు పోతుంది, ఇవాళ రాయకపోతే ఈ ధైర్యం మళ్ళీ రాదు.

తడి సంగతా. గళ్ళలో ఇంకా నీళ్ళు నిలిచే ఉన్నాయి, తాత పెరట్లోనూ నిలిచి ఉన్నాయి. మిగతా చేలలో రేపటికి ఆరిపోతుంది, మనవి ఇంకొక్కరోజు ఆగితే ఆగవచ్చు. ఆ ఒక్కరోజు కోసమేనేమో ఇన్ని కట్టలు వేసింది. ఆగితే రెండు చేలూ విత్తుతాను, ఆయన జేబులోని గింజలు ఆయన పెరట్లోనే పడతాయి. ఆగకపోతే వచ్చే ఫిబ్రవరి ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే వెళ్తున్నాను.

నువ్వు రావాలో వద్దో నేను చెప్పను. అమ్మ ఏమందని ఇక రాయను కూడా. వస్తే తోపు అంచున చూపిస్తాను, కాస్త వంకరగా ఉంటుంది గుంట, నాకు పొలం తవ్వడమే వచ్చు.

ఒక్క సంగతికి నీ అనుమతి అడగాలి, అడిగే వ్యవధి లేదు కాబట్టి చెప్పి చేస్తున్నాను. అమ్మకని నువ్వు పంపిన దుప్పటి తాత మీద కప్పుతాను. అమ్మను ఉత్త చాపలో పంపినవాళ్ళం మేం ముగ్గురమే, అందులో ఆయన ఒకడు. ఒక చేత్తో పార, ఒక చేత్తో దుప్పటి పట్టుకుని లేస్తున్నాను. ఇవాళ నా వంతు నేనే ఏడుస్తాను.

ఇట్లు,
ఇంట్లో మిగిలిన
నీ అక్క ఫైనెస్.